ఒకే ఊళ్లో మకాం

ఇటలీ వెళ్లే మనవాళ్లలో చాలామంది వారం రోజుల్లో రోమ్, ఫ్లారెన్స్, వెనిస్, మిలాన్ చుట్టేసి వచ్చేస్తారు. కట్టడాలు చూడటానికి అది చాలునేమో. భాష పట్టుబడాలంటే మాత్రం ఒక చిన్న ఊళ్లో మకాం వేయాలి. రోజూ అదే కొట్టుకు వెళ్లాలి, అదే మనుషులతో మాట్లాడాలి. సెలవుల్లో ఇటాలియన్ నేర్చుకుంటూ వచ్చిన నాకు రానురానూ బలపడిన నమ్మకమిది.

నేను ఎంచుకున్న ఊరు ఉంబ్రియా ప్రాంతంలోని పెరూజా. విదేశీయులకు ఇటాలియన్ నేర్పే కోర్సులు అక్కడ 1921లో మొదలై, తర్వాత విశ్వవిద్యాలయంగా ఎదిగాయి. పొద్దున తరగతిలో విన్న క్రియారూపం సాయంత్రానికి కూరగాయల కొట్లో పనికిరావాలి. అప్పుడే అది నోట నిలుస్తుంది.

కొట్లో అడుగుపెట్టగానే ‘బోంజోర్నో’ అనాలి, పొద్దు వాలాక ‘బోనసేరా’. పలకరింపు లేకుండా సరుకు అడగడం అక్కడ మర్యాద కాదు. మన ‘నువ్వు, మీరు’ లాగే వాళ్లకు ‘తూ, లేయ్’ ఉన్నాయి. కొత్తవాళ్లతో, పెద్దవాళ్లతో ‘లేయ్’ వాడాలని తెలుగువాళ్లకు ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు.

ఉచ్చారణలోనూ మనకు కలిసొచ్చేది చాలా ఉంది. ‘నోనో’ అంటే తొమ్మిదోది, ‘నొన్నో’ అంటే తాత. ‘గడి, గడ్డి’ తేడా పలికే నోటికి ఇది కష్టం కాదు. వాళ్ల త, ద కూడా మనవిలాగే నాలుక పళ్లకు తగిలితే పుడతాయి. ఇంగ్లిష్ మీదుగా వెళ్తే ట, డ అడ్డుపడతాయి. అందుకే కొత్త మాటలను నేను తెలుగు లిపిలోనే రాసుకుంటాను.

ఉంబ్రియా రొట్టెలో ఉప్పుండదు. ఎందుకని అడిగితే 1540 నాటి కథ మొదలవుతుంది. పోప్ మూడో పాల్ ఉప్పు మీద పన్ను పెంచితే పెరూజా తిరగబడి ఓడిపోయింది. ఆయన అక్కడి బల్యోనీ వంశం వారి ఇళ్లున్న పేటను కూల్చి, దాని మీద రొక్కా పవొలీనా కోట కట్టించాడు. చప్పటి రొట్టె ఆనాటి నిరసనే అంటారు ఊళ్లోవాళ్లు. చరిత్రకారులందరూ దీన్ని ఒప్పుకోరు. కోట అడుగున మిగిలిన పాత వీధుల గుండానే ఇవాళ ఎస్కలేటర్లు జనాన్ని పై ఊరికి చేరుస్తున్నాయి. పుస్తకంలో విసుగు పుట్టించిన భూతకాలపు క్రియలు ఈ కథ వింటున్నప్పుడు నాకు నిజంగా అవసరమయ్యాయి.

మరో సంగతి నా బెరుకు పోగొట్టింది. 1861లో ఇటలీ ఒకే రాజ్యమైనప్పుడు ఇటాలియన్ వచ్చినవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరని భాషావేత్త తుల్లియో దె మౌరో అంచనా. నూటికి పదిమంది దాకా ఉండొచ్చన్న పండితులూ ఉన్నారు. మిగతావారి ఇళ్లలో వినిపించింది వారి వారి ప్రాంతీయ భాషలే. బడి, సైన్యం, వలసలు, 1954లో మొదలైన టీవీ ప్రసారాలు ఇటాలియన్‌ను ఇంటింటికీ చేర్చాయి. అంటే ఇప్పుడు దాన్ని గలగలా మాట్లాడే చాలామంది తాతముత్తాతలు కూడా నేర్చుకునే మాట్లాడారు. ఇక నేను తడబడితే సిగ్గెందుకు?

ఇటలీ ప్రయాణం తలపెట్టినవారికి నా మాట ఒకటే. జాబితాలోంచి రెండు నగరాలు తీసేసి, ఒక చిన్న ఊరికి ఆ రోజులివ్వండి. అంకెలు, పలకరింపులు ఇంటి దగ్గరే నేర్చుకుని వెళ్లండి. ఆగస్టు 15న వచ్చే ఫెర్రగోస్తో పండగ రోజుల్లో చిన్న కొట్లు చాలావరకు మూతపడతాయి కాబట్టి మే, సెప్టెంబర్ నెలలు మేలు. కొట్టువాడు దయతలచి ఇంగ్లిష్‌లోకి మారినా మీరు మాత్రం మారకండి.