ట్యాగుకు తగ్గ పేరు

ఎక్స్‌ఎంఎల్ ట్యాగుల నుంచి జావా చరరాశులకు పేర్లు పుట్టించే పని ఎక్స్‌జేసీ అనే పనిముట్టుది. 2006లో జావా 6తో కలిసి వచ్చింది. 2018లో జావా 11 దాన్ని తనలోంచి తీసేసినా వాడకం ఆగలేదు.

నియమం చిన్నదే. అడ్డగీతో, చుక్కో, కింది గీతో కనబడితే అక్కడ మాట విరిగినట్టు లెక్క. ఆ గుర్తును తీసేసి ముక్కల్ని కలిపేస్తుంది. ఇంగ్లిషులో రెండో ముక్క పెద్ద అక్షరంతో మొదలవుతుంది కనుక అతుకు తెలుస్తుంది. ట్యాగును తెలుగులోనూ రాయొచ్చు. అప్పుడు ‘ఆళ్లగడ్డ-మండలం’ కాస్తా ‘ఆళ్లగడ్డమండలం’ అవుతుంది. మన లిపిలో పెద్దా చిన్నా అక్షరాల్లేవు, అతుకు మాయం. ఒకేచోట ‘నంద్యాల-జిల్లా’, ‘నంద్యాల_జిల్లా’ రెండూ ఉంటే ఒకే పేరు రెండుసార్లు పుట్టి పనిముట్టు మొరాయిస్తుంది. అప్పుడు ఒకదానికి వేరే పేరును మనిషే విడిగా రాసివ్వాలి.

అసలు నేర్పు ట్యాగు రాసేవారిది. ‘కర్నూలు-ఆళ్లగడ్డ’ అనే ట్యాగు ఉందనుకుందాం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడి, కర్నూలు జిల్లాలోని ఆళ్లగడ్డ అందులోకి వెళ్లడంతో ఆ పేరు తప్పవుతుంది. దాని నుంచి పుట్టిన చరరాశినీ, దాన్ని పిలిచే ప్రతి వరుసనూ మార్చుకోవాలి. చేయి తిరిగినవారు ట్యాగుకు ‘జిల్లా’ అని మాత్రమే పేరు పెట్టి, కర్నూలును లోపలి విలువగా ఉంచుతారు. అక్కడ నంద్యాల అని దిద్దితే సరి, ప్రోగ్రాము జోలికి వెళ్లనక్కర్లేదు.