అట్ట ఊడదీసిన కూలి ఏ పద్దులో?

ప్రెస్సులో పాడైన కాగితం అందరికీ కనబడుతుంది, పాడైన పూట కనబడదు. హైదరాబాదు చిక్కడపల్లి సందుల్లోని చిన్న ప్రెస్సులకు లెక్కలు రాస్తూ నేను గమనించింది ఇదే. చెడిన ఫారాలు మూలన గుట్ట పడి, తూకానికి పోతాయి. పుస్తకంలో 'వేస్టేజీ' పద్దు పడుతుంది. అదే ఫారాన్ని విప్పి, మళ్లీ మడిచి, మళ్లీ కుట్టిన బైండరు గంటలకు మాత్రం ఏ పద్దూ ఉండదు. నెల జీతం ఎలాగూ ఇస్తున్నాం కదా అంటారు యజమానులు.

2024 సంగతే తీసుకోండి. ఫిబ్రవరిలో 563 పోస్టులకు తెలంగాణ గ్రూప్-1 ప్రకటన పడింది. అశోక్‌నగర్‌లో స్టడీ మెటీరియల్‌కు గిరాకీ పెరిగే సమయం. ఆ ఏడాదే రాష్ట్ర సంకేతం టీఎస్ పోయి టీజీ వచ్చింది, ఆ పరీక్ష పెట్టే టీఎస్‌పీఎస్సీ కాస్తా టీజీపీఎస్సీ అయింది. పాత పేరుతో గమ్ బైండింగ్ అయిపోయిన పుస్తకాలు 1,000 ఉన్నాయనుకుందాం. అట్ట ఊడదీయాలి, కొత్తది అతికించాలి, మూడు వైపులా మళ్లీ కోయాలి. మనిషి గంటకు 40 చేసినా 25 గంటలు. గంటకు 80 రూపాయలు వేసుకుంటే 2,000. కొత్త అట్టకూ, ప్లేటుకూ, లామినేషన్‌కూ బిల్లులొస్తాయి, లెక్కకెక్కుతాయి. ఈ 2,000కి బిల్లు ఎవరిస్తారు? ఈలోపు కటింగ్ మిషన్ కోసం ఆగిన నారాయణగూడ వారి పెళ్లి పత్రికల సంగతి సరేసరి.

లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలోనైతే ఒక్కో జాబుకు ఒక్కో కాస్ట్ సెంటర్ తెరిచి, దిద్దుబాటు కూలిని విడిగా చూపొచ్చు. ముంబయికి చెందిన ఫ్రాపే సంస్థ చేసిన సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఇందుకోసం 'కరెక్టివ్ జాబ్ కార్డ్' అనే ఏర్పాటే ఉంది. మొదలెట్టిన టైమూ ముగించిన టైమూ నమోదైతే ఖర్చు అదే కట్టుకుంటుంది. ఆ ఖర్చును తయారైన సరుకు విలువలో కలపాలా వద్దా అని అడిగే చిన్న గడి కూడా ఉంది. టిక్కు పెట్టడం క్షణం పని, ఎక్కడ పెట్టాలో తెలియాలంటే వ్యాపారం తెలియాలి. రంగులు కుదిరేదాకా పోయే కాస్త కూలి మామూలే, పుస్తకం ఖర్చులో కలవాల్సిందే. అట్ట మార్చడం లాంటి అసాధారణ నష్టాన్ని సరుకు విలువలో కలపొద్దని అకౌంటింగ్ స్టాండర్డ్-2 కూడా చెబుతుంది. కలిపామా, దాన్ని చూసి వేసే తర్వాతి కొటేషన్ పెరుగుతుంది, ఆర్డరు పక్క ప్రెస్సుకు పోతుంది.

అయితే నేను పట్టుబట్టేది ఆ కార్డులో దిద్దుబాటు కారణం రాసే గడి కోసం. ప్రూఫు ఖాయమయ్యాక పార్టీ మార్చిందా, ప్లేటు తప్పా, మడత తప్పా, బైండింగ్ లోపమా? నాలుగు చాలు. ఇరవై పెడితే అందరూ 'ఇతరములు' నొక్కి ఊరుకుంటారు. ఆ గడిలో మనిషి పేరు మాత్రం వద్దంటాను. యజమానులకు ఇది నచ్చదు, తప్పెవరిదో తెలియాలి కదా అంటారు. కానీ పేరు పెడితే జీతంలో కోత పడుతుందేమోనని, ఆ దిద్దుబాటు కాస్తా భోజనాల వేళో, రాత్రి షట్టరు దించాకో గుట్టుగా జరిగిపోతుంది. కంప్యూటర్‌లో సున్నా కనబడుతుంది.

'పార్టీ మార్చింది' అన్నవి ఎక్కువైన చోట కొటేషన్ అడుగున ఒక వాక్యం చేర్చమంటాను: ప్రూఫు మీద సంతకం అయ్యాక వచ్చే దిద్దుబాట్లకు కూలి అదనం. "మీకూ మాకూ మధ్య ఇవేం లెక్కలండీ" అంటుంది పార్టీ. యజమాని మొహమాటపడి వదిలేస్తాడు. వదిలేసిందెంతో నెలాఖరుకు తెరమీద కనబడుతుంది.