బంటు కొలువులో గిటారు

భాష సొంత గడ్డ దాటినా పాటలో బతుకుతుందని మనం తరచు చెప్పుకుంటాం. బతికేది మాటా, మాట తాలూకు చప్పుడు మాత్రమేనా అన్నది అంతగా ఆలోచించం. బెంగళూరు బృందం 'అగం' 2012లో తెచ్చిన తొలి ఆల్బమ్ 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్' వింటే ఆ సంగతి ఆలోచించక తప్పదు.

అగం అంటే తమిళంలో 'లోపల' అని అర్థం. 2003లో మొదలైన ఈ బృందంలో హరీశ్ శివరామకృష్ణన్ పాడతాడు, వయొలిన్ వాయిస్తాడు. కీబోర్డు వాయించే స్వామి సీతారామన్ పాటలు కూడా రాస్తాడు. కర్ణాటక సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్‌తో కలపడం వీరి దారి. మూడు నిమిషాల పాట చట్రాన్ని వదిలేసి, నడకలు మారుస్తూ, వాద్యాలకు గాత్రంతో సమానంగా చోటిచ్చే రాక్ పద్ధతి అది.

ఈ పద్ధతిలో తొలి ప్రయత్నాలు ఎగుడుదిగుడుగా ఉండటం కొత్తేమీ కాదు. అమెరికా బృందం డ్రీమ్ థియేటర్ 1989లో తెచ్చిన తొలి ఆల్బమ్ 'వెన్ డ్రీమ్ అండ్ డే యునైట్'లో వేళ్ళ చురుకు పుష్కలం, పాట మాత్రం అక్కడక్కడే. గాయకుణ్ణి మార్చి 1992లో 'ఇమేజెస్ అండ్ వర్డ్స్' తెచ్చాక గాని పాటకూ పనితనానికీ పొత్తు కుదరలేదు. అగం తొలి ఆల్బమ్‌లోనూ ఆ ఎగుడుదిగుడు ఉంది. అయితే ఇక్కడ కారణం వేరు.

'ది బోట్ సాంగ్' మలయాళ పడవపాట. తెడ్డు వేసే ఊపే దానికి ప్రాణం కనుక డ్రమ్ములు అతికినట్టు సరిపోయాయి. స్వాతి తిరునాళ్ ధనశ్రీ తిల్లానాలో జతులదే పెత్తనం. గిటారు ఎంత పరుగెత్తినా అక్కడ నష్టం లేదు. చిక్కంతా 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' దగ్గరే. అది మన త్యాగరాజస్వామి 'బంటురీతి కొలు'.

రాగం హంసనాదం. ఆ హంస నుంచి సరస్వతి దాకా వెళ్ళి ఇంగ్లీషు పేరు పెట్టారు. కృతిలో హంసా లేదు, సరస్వతీ లేదు. ఉన్నది రాముణ్ణి కొలువు అడిగే బంటు. గనుల్లోనో, కాగితం మిల్లులోనో కొలువు వెతుక్కుంటూ వచ్చి స్థిరపడ్డ మన చాందా తెలుగువాళ్ళకు ఆ మాట బరువు తెలుసు. ఆ బంటుకు గగుర్పాటే కవచం, రామభక్తుడనే గుర్తింపే బిళ్ళ, నామమే కత్తి. కామం, మదం లాంటి శత్రువులను కూల్చాలి. పోరంతా లోపలే.

బృందం పేరు 'లోపల', ఆల్బమ్ పేరు అంతరాత్మ మేలుకోవడం. ఇంతకంటే తగిన కృతి వారికి దొరకదు. పల్లవికి కవాతు లాంటి ఊపు అందంగా అమిరింది. గాత్రంలో శ్రద్ధ ఉంది, రాగం చెడలేదు. కాని చరణంలో కవచం, బిళ్ళ, కత్తి ఒక్కొక్కటే కనిపించాల్సిన చోట వాద్యాల హోరు ముందుకొస్తుంది. యుద్ధం వినిపిస్తుంది గాని, ఎవరితో యుద్ధమో తెలియదు. రాగాన్ని విన్నంత శ్రద్ధగా సాహిత్యాన్ని వినకపోవడమే దీనికి కారణం అనిపిస్తుంది.

శాస్త్రీయ కచేరీల్లో మాత్రం మాటలు నలగడం లేదా అని ఎవరైనా అడగవచ్చు. నలుగుతున్నాయి. అయినా ఈ లోపాన్ని మనం పట్టించుకోవాలి. త్యాగరాజు (1767–1847) బతికింది తిరువయ్యారులో. చుట్టూ తమిళం, తంజావూరు గద్దె మీద మరాఠా ప్రభువులు. ఆయన రాసింది తెలుగులో. ఇంట్లో తెలుగు, బడిలో, బజారులో మరాఠీగా బతికే మనకు ఆయన దగ్గరి మనిషి. మన పిల్లల్లో తెలుగు అక్షరాలు రానివాళ్ళున్నారు. కచేరీకి రమ్మంటే రారు, గిటారు మోగితే ఆగి వింటారు. వాళ్ళను ఆపగలగడం అగం చేసిన మేలు. దాన్ని తక్కువ చెయ్యకూడదు.

2017లో వచ్చిన రెండో ఆల్బమ్ 'ఎ డ్రీమ్ టు రిమెంబర్'లో మళ్ళీ త్యాగరాజే, 'మనవ్యాలకించరాదటే'. ఈ బృందం మన మాటను వదల్లేదన్నమాట. మాట అర్థం చెప్పే పని మాత్రం వారిది కాదు, మనది. పిల్లలు ఈ పాట పెట్టుకున్నప్పుడు చరణం దగ్గర ఒక్క నిమిషం ఆపి, బంటు అంటే ఎవరో, వాడి బిళ్ళ ఏమిటో చెబుదాం. ఆ తరవాత గిటారు ఎంత మోగినా ఫరవాలేదు.