బెల్టు బాగుంది, కడియమో?

మా మావయ్య బ్యాంకుకి బయల్దేరే ముందు రోజూ ఒక పని చేసేవాడు. డబుల్ బ్యారెల్ తుపాకీని మడత విప్పి, రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయో లేదో వెలుతురుకి పెట్టి చూసేవాడు. తర్వాత బెల్టుని రెండు చేతులా పట్టుకుని, మొండికేసిన గేదె పలుపు లాగినట్టు గట్టిగా రెండు మూడు గుంజులు గుంజేవాడు. చప్పుడు రాకపోతే భుజానికి తగిలించుకుని టీ కొట్టు వైపు నడిచేవాడు. ‘కిర్రు’మందంటే ఆ రోజుకి టీ లేదు. స్క్రూడ్రైవరు తెచ్చుకుని అరుగు మీద కూర్చోవడమే.

ఇరవై ఏళ్లకి పైగా సైన్యంలో చేసి, హవల్దారుగా దిగిపోయి, గజపతినగరం వచ్చి గన్‌మన్ ఉద్యోగంలో చేరాడు. మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇలాంటివాళ్లకి కొదవ లేదు. ఏ ఊళ్లో దిగినా రచ్చబండ మీద ఓ మాజీ సైనికుడు కనిపిస్తాడు. పట్టాళం కబుర్లు, యుద్ధం కబుర్లు అందరూ చెబుతారు. మా మావయ్య మాత్రం బెల్టుని తుపాకీకి కలిపే చిన్న ఇనుప కడియం గురించి చెప్పేవాడు.

“బెల్టు తెగడం నా సర్వీసులో నాను సూడ్లేదురా అల్లుడా. ఊడిందంటే కడియం కాడే ఊడింది” అనేవాడు.

ఆ మాట ఎంత నిజమో నాకు ఎన్‌సీసీ క్యాంపులో తెలిసింది. అప్పట్లో మా చేతికిచ్చినవి .303 రైఫిళ్లు. ఒక్కొక్కటీ దాదాపు నాలుగు కిలోలు. బెల్టు వెడల్పు అంగుళంపావు, మందపాటి నేత పట్టీ, కొసలకి ఇత్తడి తొడుగులు. దాన్ని పట్టి ఏనుగుని లాగొచ్చు అనిపించేది. ఫైరింగ్ రేంజికి నడిచి వెళుతుంటే నా భుజం మీది రైఫిలు ఉన్నట్టుండి బరువు తగ్గింది. మరుక్షణం మడమ మీద పడింది. మడమ వాచింది, అది వేరే సంగతి. బెల్టుకి ఏమీ కాలేదు. తుపాకీ కట్టెకి కిందివైపున, కడియాన్ని పట్టి ఉంచే చిన్న ఇనుప దిమ్మ ఉంటుంది. రెండు స్క్రూలు దాన్ని చెక్కకి బిగించి ఉంచుతాయి. ఆ రెండూ చెక్కలోంచి ఊడి వచ్చేశాయి. ఎన్ని బ్యాచ్‌ల పిల్లలు ఆ రైఫిలుని మోశారో, ఎన్నిసార్లు నూనె పూసి తుడిచారో, చెక్క లోపల మెత్తబడిపోయింది. పైకి మాత్రం వార్నిషు నిగనిగ.

ఆ రైఫిలుది పెద్ద వయసే. ఉత్తరప్రదేశ్ పోలీసులు తమ .303లకి 2020 రిపబ్లిక్ డే పెరేడుతో వీడ్కోలు చెప్పారు. అంటే మొదటి ప్రపంచ యుద్ధం నాటి నమూనా మన కళ్ల ముందు దాకా పనిచేసింది. అంతకాలం నిలిచిన తుపాకీలో ముందుగా చచ్చేది ఏది అంటే, గొట్టమూ కాదు, బోల్టూ కాదు, ఇదిగో ఈ స్క్రూ పట్టిన చెక్క.

అసలు ఆ కడియం తిరగడం ఎందుకు? ఇది తుపాకీలో కన్నా గొడ్ల గొలుసులో బాగా అర్థమవుతుంది. మానాపురం సంతలో గొలుసులు అమ్మేచోట కూర్చుని చూడండి. మంచి గొలుసులో ఒకచోట, రెండు లింకుల మధ్య, తనలో తాను గిర్రున తిరిగే ముక్క ఒకటి ఉంటుంది. రాట చుట్టూ గేదె ఎన్ని ప్రదక్షిణాలు చేసినా గొలుసు మెలిక పడదు. ఆ ముక్క లేని గొలుసు చవక. కానీ తెల్లారేసరికి గేదె మెడ బిగిసి అరుస్తుంది. రైఫిలు బెల్టుకి ఉండే, స్వివెల్ అని పిలిచే కడియం ఇదే పని చేస్తుంది. మనిషి వంగుతాడు, పరిగెడతాడు, తుపాకీని భుజం మార్చుకుంటాడు. కడియం తిరగకపోతే ఆ మెలిక అంతా వెళ్లి ఆ రెండు స్క్రూల మీద పడుతుంది. అవి కొద్దికొద్దిగా వదులవుతాయి. మా మావయ్య ‘కిర్రు’ కోసం చెవి పెట్టేది అందుకే.

ఇంతకీ బెల్టుని తుపాకీకి తగిలించే కొక్కేలు రకరకాలు. పాత పట్టాళపు పద్ధతి, తుపాకీకే శాశ్వతంగా బిగించిన కడియం. బెల్టు విప్పాలంటే కాసేపు తంటాలు పడాలి. రెండోది, తుపాకీ మీద చిన్న గుండీ లాంటి మొల, దానికి అడ్డంగా బెజ్జం. బెల్టు వైపు కొక్కెంలో ఉన్న స్ప్రింగు పిన్ను ఆ బెజ్జంలో దూరుతుంది. చిటికెలో తీసేయొచ్చు. ఇందులో మంచివాటికి పిన్ను వెనక మరతో తిరిగే బిరడా ఉంటుంది. అది బిగిస్తే, పొరపాటున చెట్టుకొమ్మ తగిలినా పిన్ను వెనక్కి రాదు. బిరడా లేనివి కూడా అమ్ముతారు. మూడోది ఈ మధ్య రైఫిళ్ల మీద కనిపించే బటన్ రకం. నొక్కితే లోపలి చిన్న ఉక్కు గోళీలు వెనక్కి పోతాయి, వదిలితే పొంగి గాడిలో పట్టుకుంటాయి. గాడిలో మట్టి ఉంటే ‘టక్’మని వినిపిస్తుంది కానీ గోళీలు పూర్తిగా పొంగవు. అందుకే ‘టక్’ విని ఊరుకోకూడదు, లాగి చూడాలి.

నన్నడిగితే, రోజూ బెల్టు విప్పే పని లేనివాడికి మొదటి రకమే మేలు. బ్యాంకు గేటు దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే మనిషికి చిటికెలో ఊడే సౌకర్యం ఎందుకు? వేటగాళ్లకీ, కమెండోలకీ పుట్టిన అవసరాలు మనం ఫ్యాషన్ కింద నెత్తికెత్తుకుంటే ఎలా? ఊడదీయడానికి వీలున్నది ఊడిపోవడానికీ వీలున్నదే. బటన్ రకాన్ని నేను తప్పు పట్టను. దాని పని దానిది, మాది కాదు.

లోహం విషయానికొస్తే, చూపుకి మోసపోవడం నాకు కొత్త కాదు. మావయ్యకి బహుమతిగా ఇద్దామని నగరంలో ఒక దుకాణంలో మెరిసే కొక్కెం జత కొన్నాను. అద్దంలా ఉంది. మావయ్య అరచేతిలో వేసుకుని ఒకసారి తూచాడు. బల్ల సొరుగులోంచి అయస్కాంతం తీసి పెట్టాడు. అంటుకోలేదు. “ఇది పోత జింకురా. మీద నికెల్ పూత. వంగదు, ఇరుగుద్ది” అన్నాడు. ఉక్కు వంగితే ముందుగా తెలుస్తుంది. పోత జింకు పైకి ఏ గుర్తూ చూపించకుండా చటుక్కున రెండవుతుంది. అయస్కాంతం ఒక్కటే పరీక్ష కాదనుకోండి. ఇత్తడికీ అంటదు, కొన్ని స్టెయిన్‌లెస్ ఉక్కులకీ అంటదు. కానీ మావయ్య వేళ్లకి బరువు తెలుసు. రెండోసారి ఆయన చూసింది కడియపు అతుకు. తీగ వంచి చేసిన కడియాలు రెండు కొసలూ ఆనించి వదిలేస్తారు. వెల్డింగు ఉండదు. ఆ సందులో గోరు దూరితే పక్కన పడెయ్యాలి. బరువు పడ్డ కొద్దీ ఆ సందే తెరుచుకుంటుంది.

వెడల్పు కూడా ఓ తగువే. అంగుళం పట్టీని అంగుళంపావు కడియంలో వేస్తే అటూ ఇటూ జారుతూ ఒక అంచునే అరుగుతుంది. పెద్ద పట్టీని చిన్న కడియంలో దూరిస్తే మడత పడి, ఆ మడత దగ్గర పోగులు లేస్తాయి. దీనికి పెద్ద విద్య అక్కర్లేదు, కొనేటప్పుడు పట్టీ పట్టుకెళితే చాలు. ఎవరూ పట్టుకెళ్లరు.

చెక్క సంగతి మళ్లీ చెప్పకుండా ఉండలేను. మొల స్క్రూకి ముందు సన్నటి బెజ్జం వేయాలి. పెద్దదైతే స్క్రూకి పట్టు ఉండదు. మరీ చిన్నదైతే బిగించేటప్పుడు కట్టె చీలుతుంది. పాత బెజ్జం వదులైతే అగ్గిపుల్ల విరిచి కుక్కేవాళ్లని చూశాను. మంచానికి పర్వాలేదు, తుపాకీకి కాదు. చెక్క ముక్కని జిగురుతో దింపి, ఆరాక కొత్తగా బెజ్జం వెయ్యాలి. ఇక డబుల్ బ్యారెల్‌లో ముందు కడియం గొట్టాల కింద అతికి ఉంటుంది. అది ఊడితే మన రోడ్డు మీద గేట్లు చేసే వెల్డింగు షాపుకి పట్టుకెళ్లడం కన్నా పెద్ద పొరపాటు లేదు. రెండు గొట్టాలనీ కలిపి ఉంచే అతుకు ఆ వేడికి కరుగుతుంది, గొట్టమే వంకర పోవచ్చు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకులు బాగుచేసే వ్యాపారానికి లైసెన్సు కావాలి. ఆ కాగితం ఉన్న మనిషి దగ్గరికే వెళ్లాలి, ఎంత దూరమైనా.

ఇంత గొడవ ఎందుకంటే, భుజం మీంచి జారిన తుపాకీ నేల తాకేలోపు గొట్టం ఎవరి వైపు తిరుగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. గన్‌మన్ తుపాకీ జారిపడి పేలిందన్న వార్త అప్పుడప్పుడూ చదువుతూనే ఉంటాం. బ్యాంకంటే పింఛను రోజున ముసలమ్మలంతా బారులు తీరే చోటు.

బెల్టుకి మోయడం కాక ఇంకో పని కూడా ఉంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు పతకం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. నిలబడి కాల్చే ఆ పోటీలో బెల్టు వాడనివ్వరు. ఆయన యాభై మీటర్ల పోటీలో కూడా దిగాడు. అది నేల మీద పడుకుని కాల్చేది. అక్కడ బెల్టు జబ్బకి బిగించి, రెండో కొసని రైఫిలు కింద గాడిలో జరిగే కడియానికి తగిలిస్తారు. బెల్టు వెడల్పు నలభై మిల్లీమీటర్లు దాటకూడదని నియమం. చెయ్యి, రైఫిలు, నేల మూడూ ఒక ముక్కాలిపీటలా కుదురుకుంటాయి. గాడిలో ఆ కడియం వెంట్రుకవాసి జరిగినా గుండు పది పాయింట్ల చుక్క తప్పిపోవచ్చు. మా మావయ్యకి ఇది చెబితే, “మరి ఆ కడియం ఏటితో సేస్తారు?” అనే అడిగాడు. పతకం మాట అడగలేదు.

ఆయన రిటైరయ్యాడు. తుపాకీ, లైసెన్సు రెండూ వదిలించుకున్నాడు. నేను కొనిచ్చిన నికెల్ కొక్కేన్ని పారెయ్యడం ఇష్టం లేక తాళంచేతుల గుత్తికి వేసి, లుంగీకి తగిలించుకుని తిరిగేవాడు. “దీనికైతే సాల్లే” అని నన్ను ఓదార్చేవాడు కూడా. పోయిన వారం చంపావతి వంతెన దాటి సంతకెళ్లి వస్తుంటే తాళంచేతులు దారిలో ఎక్కడో పడిపోయాయి. లుంగీకి కొక్కెం సగం ముక్క వేలాడుతూ ఉంది.