వాటాదారు ఓపిక

ఒక కంపెనీ షేరు కొన్నవారు ఆ వాటా మేరకు దానికి యజమానులవుతారన్న సూత్రం మీదే దీర్ఘకాలిక మదుపు సంప్రదాయమంతా నిలిచి ఉంది. మగ్గాల షెడ్డు ఉన్న యజమాని, ఆ షెడ్డు అమ్మితే ఎంత పలుకుతుందని రోజూ వాకబు చేయడు. నూలు ఏ ధరకు దిగింది, ఇంకా రంగు వేయని గ్రే బట్ట ఏ ధరకు పోయింది, పార్టీల నుంచి బాకీలు వసూలయ్యాయా అన్నవే చూసుకుంటాడు. తాపీ నదికి ఉత్తరాన మరమగ్గాల మీద బతికే సూరత్ పేట అమ్రోలిలోనూ, తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చి సూరత్ నేత పరిశ్రమలో స్థిరపడిన పద్మశాలి కుటుంబాల్లోనూ ఈ చూపు వృత్తితోపాటే అబ్బుతుంది. షేర్ల మదుపుకు కావలసిందీ అదే చూపు.

సూరత్‌కు షేర్లతో ఉన్న అనుబంధం పాతదే అయినా అది హెచ్చరికతో మొదలవుతుంది. 1831లో ఈ నగరంలో పుట్టిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్, అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ధర ఆకాశాన్నంటిన రోజుల్లో బొంబాయి షేర్ల వ్యాపారాన్ని శాసించాడు. 1865లో యుద్ధం ముగిసి పత్తి ధర పడిపోగానే షేర్ల ధరలూ కుప్పకూలి ఎందరో దివాలా తీశారు. నేడు ఆ జూదం ఫ్యూచర్స్, ఆప్షన్ల రూపంలో, అంటే రాబోయే ధర మీద కట్టే ఒప్పందాల రూపంలో సాగుతోంది. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వీటిలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనం తేల్చింది.

మదుపుకు బలం చక్రవడ్డీ తీరున వస్తుంది. కంపెనీ తన లాభాన్ని తిరిగి వ్యాపారంలో పెట్టినప్పుడు లాభం మీద లాభం పుడుతుంది. ఏటా 12 శాతం చొప్పున పెరిగే లక్ష రూపాయలు పదేళ్లకు 3.1 లక్షలు, ఇరవై ఏళ్లకు 9.6 లక్షలు అవుతాయి కనుక, ఎనిమిదో ఏట విసుగెత్తి అమ్ముకున్నవారు అసలు పంట చేతికి రాకముందే చేను వదిలేసినట్టే. 1993లో ఇన్ఫోసిస్ షేరును 95 రూపాయలకు ఇవ్వజూపితే పూర్తిగా కొనేవారే కరువయ్యారు. అప్పుడు 9,500 రూపాయలు పెట్టి వంద షేర్లు కొని ఉంచుకున్నవారికి, ఉన్న షేర్లకు అదనంగా ఉచితంగా ఇచ్చే బోనస్ షేర్లూ, ఒక్కో షేరును రెండుగా చేసిన ఒక విభజనా కలిసి 2018 నాటికి అవి 1,02,400 అయ్యాయి. ఈ మధ్యలో, 2000 తరువాత సాఫ్ట్‌వేర్ షేర్లు పతనమైనప్పుడు, ఆ షేరు ధర సగానికి పైగా పడిపోయింది. ఆ నెలల్లో వాటాను అట్టే పెట్టుకోవడానికి గుండె నిబ్బరం ఒక్కటే చాలదు, కంపెనీకి కొత్త పనులు వస్తున్నాయో లేదో తెలిసి ఉండాలి.

తెలుగువారికి ఈ పాఠం చేదుగా నేర్పింది సత్యం కంప్యూటర్స్. 2008 డిసెంబరు 16న ఆ సంస్థ బోర్డు, ప్రమోటరు (కంపెనీని స్థాపించి నడిపే యజమాని) కుటుంబానికే చెందిన మేటాస్ సంస్థలను కొనాలని నిర్ణయించి, వాటాదారులు తిరగబడటంతో గంటల్లోనే వెనక్కు తగ్గింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లెక్కలు తప్పుడువని లేఖ రాయగా ఒక్క రోజులో షేరు నాలుగింట మూడు వంతులకు పైగా విలువ కోల్పోయింది. లెక్కల్లోని మోసం బయటివారికి కనబడకపోవచ్చు గానీ, వాటాదారుల సొమ్మును సొంత కుటుంబపు కంపెనీలవైపు మళ్లించే ప్రయత్నం మూడు వారాల ముందే అందరి కళ్లెదుటా జరిగింది. సూరత్‌లోనూ గార్డెన్ వరేలీ చీరల పేరు దేశమంతటికీ తెలిసినా, వాటి వెనుక ఉన్న గార్డెన్ సిల్క్ మిల్స్ 2020లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. సరుకు మంచిదైతే కంపెనీ పదిలమనుకోవడం నేత తెలిసినవారు సైతం పడే పొరపాటు.

అందుకే ఈ సంప్రదాయంలో ఏటా వార్షిక నివేదిక చదవడం తప్పనిసరి: పుస్తకాల్లో చూపిన లాభం నగదుగా చేతికి వచ్చిందా, అప్పు ఆదాయానికి మించి పెరుగుతోందా, ప్రమోటర్లు తమ షేర్లను తాకట్టు పెట్టారా అన్నవి మొదట చూడాలి. కొన్ననాటి కారణం చెరిగిపోయినప్పుడు అమ్మాలి, ధర తగ్గినంత మాత్రాన అమ్మకూడదు. షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో దాచే డీమ్యాట్ ఖాతాకు నామినీ పేరు రాయించడమూ ఇందులో భాగమే, ఎందుకంటే ఖాతాదారు పోయాక, కంపెనీ లాభంలోంచి పంచే డివిడెండును ఏడేళ్లపాటు వరుసగా ఎవరూ తీసుకోకపోతే ఆ షేర్లు కేంద్ర ప్రభుత్వపు మదుపరుల విద్య, రక్షణ నిధికి బదిలీ అవుతాయి. వారసులు పత్రాలు చూపి వాటిని తిరిగి పొందవచ్చు.