తమిళ సాహస హాస్య చిత్రముల తెలుగు రూపములు: ఒక విమర్శ

విమర్శ యనగానే కావ్యము, నాటకము, నవల, కథానిక అను నాలుగింటి చుట్టును మన దృష్టి తిరుగుచుండును. చలనచిత్రమును గూర్చి వ్రాసినపుడును తెలుగున పుట్టిన చిత్రములనే గ్రహింతుము. తమిళమున నిర్మింపబడి తెలుగు సంభాషణలతో వచ్చు చిత్రమును పత్రికలవారు కథ, నటన, సంగీతము అను లెక్కలలో తూచి విడిచిపెట్టుదురు. పండితులు దానిని ముట్టరు. కాని గడచిన మూడు దశాబ్దములలో తెలుగు ప్రజలు చెవులార వినిన అనువాద వచనము నంతటిని ప్రోగుచేసినచో, అందు ముద్రిత గ్రంథముల పాలుకంటె ఈ చిత్రముల పాలు తక్కువ యని చెప్పుటకు ధైర్యము చాలదు. ఇంతటి వచనము విమర్శకు దూరముగ నుండుట తగదు. అందును సాహస చిత్రములు, హాస్య చిత్రములు అధిక జనాదరణ పొందినవి కావున ఈ వ్యాసమున వానినే పరిశీలించుచున్నాను.

ఈ శాఖకు గౌరవనీయమైన పుట్టుక కలదు. 1946 నాటి 'నీరా ఔర్ నందా' అను హిందీ చిత్రమునకు 1950లో శ్రీశ్రీ 'ఆహుతి' అను పేర తెలుగు మాటలు, పాటలు కూర్చిరి. తెలుగున తొలి అనువాద చిత్రమదియే. తరువాత ఆరుద్ర, అనిసెట్టి సుబ్బారావు, రాజశ్రీ ప్రభృతులు ఈ పనికి పూనుకొనిరి. 'బొంబాయి', 'జెంటిల్మన్', 'చంద్రముఖి' మొదలగు చిత్రములకు తెలుగు మాటలు వ్రాసి 2024లో దివంగతులైన శ్రీరామకృష్ణగారి పేరు మన ఎం.ఏ. విద్యార్థులలో ఎందరెరుగుదురు? ఆయన వాక్యములు మాత్రము అందరును ఎరుగుదురు.

నికషము

ఈ పరిశీలనకు తిరువూరును నికషముగ గైకొనుచున్నాను. చిత్తూరు, నెల్లూరు ప్రాంతముల ప్రేక్షకునకు తమిళము కొంత చెవినిబడిన భాష. తెలుగు మాట తడబడినచోట అతడు తమిళ భావమును ఊహించి పూరించుకొనగలడు. తిరువూరు అట్టిది కాదు. ఒకప్పుడు కృష్ణా జిల్లాలోను, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోను చేరిన ఈ పట్టణము తెలంగాణపు టెల్లను ఆనుకొని యున్నది. కృష్ణా మండలపు పలుకును ఖమ్మము పలుకును ఇచ్చట సంతలో కలిసికొనును గాని తమిళము వినబడదు. ఊరి పేరులో 'తిరు' శబ్దమున్నంత మాత్రమున ఊరివారికి తమిళము రాదు. ఇచ్చటి ప్రేక్షకునకు తెరపై తెలుగున అందినదే చిత్రము, అందనిది లేనట్లే. కనుక అనువాదము నిలిచినదో లేదో తేల్చుటకు అతనికంటె తగిన న్యాయాధిపతి లేడు.

పేరులు

అనువాదకుని మొదటి పరీక్ష పేరు. రజనీకాంత్ నటించిన 'పడయప్ప' (1999) పేరు మురుగన్ ఆరాధనతో ముడివడినది. ఆరుపడైవీడులను, అనగా మురుగన్ ఆరు క్షేత్రములను, ఎరిగిన తమిళునకు ఆ పేరులోనే ఒక మొక్కుబడి వినబడును. తెలుగు రూపమునకు 'నరసింహ' అని పేరు పెట్టిరి. వేదాద్రి, మంగళగిరి, సింహాచలము, అహోబిలము గల దేశమున ఇంతకంటె ఉచితమైన మార్పు ఉండబోదు. ఇచ్చట మారినది శబ్దము గాదు, దైవము. ఒక ప్రజ యొక్క కులదైవమునకు బదులు మరియొక ప్రజ యొక్క కులదైవమును నిలిపిన ఈ పని నిజమైన అనువాదము.

'సండక్కోళి' (2005) 'పందెం కోడి' యైనది. తమిళ పదమున పోట్లాట స్వభావము మాత్రమే సూచితము. సంక్రాంతికి కోడిపందెములు జరుగు కృష్ణా, గోదావరి మండలములవారికి తెలుగు పేరులో బరి, కత్తి, పంతము, పరువు అన్నియు ఒక్కసారిగ స్ఫురించును. 'అన్నియన్' (2005) అను పేరునకు 'అన్యుడు' అనుట సులభము. కాని అది నిఘంటువు చేయు పని. 'అపరిచితుడు' అనుటలో విశేషమున్నది. ఒకే దేహమున మూడు స్వభావములు మెలగుచు ఒకటి మరియొకదానిని ఎరుగని కథకు, తనకు తానే పరిచయము లేనివాడను అర్థము మూలమున కంటె లోతుగ పొసగినది. 'సింగం' (2010) 'యముడు' అగుటలో మాత్రము లాభనష్టములు రెండును గలవు. యముని హాస్యపాత్రగ చేసికొనిన తెలుగు తెరకు ఆ పేరు సుపరిచితమే. కాని సింహపు రాజసము పోయి దండన మాత్రమే మిగిలినది.

పెదవులు, పదములు

ముద్రిత అనువాదకునకు లేని నియమ మొకటి చిత్రానువాదకునకు గలదు. నటుని పెదవులు కలిసినచోట ప, బ, మ వర్ణములలో ఒకటి పడవలెను; తెరచినచోట పడరాదు. ఇది ఒక విధముగ యతినియమము వంటిది. తమిళ తెలుగులు రెండును క్రియాంత భాషలగుట ఇచ్చట గొప్ప వరము. కోపము, బెదిరింపు, నిర్ణయము అన్నియు వాక్యాంతమునకే చేరును. ముఖకవళిక అచ్చటనే మారును. తమిళుని 'డా' తెలుగున 'రా' యగును. రెండును ఆకారముతో ముగియును. 'తంబీ' యనుచోట 'తమ్ముడూ' యనిన పెదవి పెదవిని కలియును. 'మచ్చాన్' అనుచోట 'బావ' యనినను, 'మామ' యనినను ఓష్ఠ్యమే పడును.

కాని 'అప్పా' అను పిలుపు వచ్చినపుడు రచయిత చేతులు కట్టుబడును. తెలుగు బిడ్డ 'నాన్నా' అని పిలుచును. ఆ పదమున పెదవులు కలియవు. తెరపై పెదవులు మూసికొనుచుండగా చెవికి 'నాన్నా' యని వినబడును. తండ్రీకొడుకుల కథలు మెండుగ నున్న ఈ చిత్రములలో అత్యంత కరుణమైన ఘట్టముననే ఈ చిన్న ఎడము కనబడుట విచారకరము. తిరువూరు ప్రేక్షకుడు దీనికి కారణము చెప్పలేకపోవచ్చును గాని 'ఇది అరవ చిత్రము' అని గుర్తించునది ఇట్టి చోటులనే.

నియమమును జయించునది కంఠము. 'బాషా'లో రజనీకాంతునకు సాయికుమార్, 'ముత్తు' మొదలు మనో గొంతు నిచ్చిరి. కమలహాసన్ పాత్రలకు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము పలికిరి. 'దశావతారము' (2008) నందు కమలహాసన్ ధరించిన పది పాత్రలలో ఏడింటికి తెలుగున ఆయనయే గాత్రదానము చేసిరి. ఈ కంఠములు తెలుగు ప్రేక్షకునకు మూలనటుని సొంత గొంతులైపోయినవి. అనువాదము తన ఉనికిని మరపించుటకు ఇంతకంటె నిదర్శనము లేదు.

సాహసము సులభముగ దాటుటకు కారణము

సాహస కథ ఎల్లను సులభముగ దాటినది. పోరాటమునకు భాష అక్కరలేదు గదా యని కొందరందురు. ఇది పైపైమాట. పోరాటము ఏ దేశమునదైనను ఒకటే. మరి అన్ని దేశముల సాహస చిత్రములును తిరువూరున ఒకే తీరున ఆదరింపబడలేదు. అసలు కారణము కథానిర్మాణమున నున్నది.

'బాషా' (1995) కథ చూడుడు. ఆటో నడుపుకొను మాణిక్యము అవమానములను సహించుచు, దెబ్బలు తినుచు, తన పూర్వచరిత్రను దాచుకొని జీవించుచుండును. సహనము హద్దు మీరినపుడు అతని నిజరూపము బయటపడును. ఇది విరాటపర్వము. వంటవాడై వలలుడను పేర దాగిన భీముడు కీచకుని కడతేర్చు ఘట్టమును తిక్కన కవిత్వమునను, నాటకములందును తరతరములుగ వినుచు వచ్చిన ప్రజకు ఈ అజ్ఞాతవాసమును ఎవరును వివరింపనక్కరలేదు. బలము కలిగియు ఓర్చుకొనువాని యెడ మన ప్రజకు గల గౌరవము ఈ కథకు ముందే సిద్ధముగ నున్నది. అందుచేతనే అది అతిథిగ వచ్చి ఇంటివాడైనది. 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) మొదలగు తెలుగు చిత్రములందు గతమును దాచిన నాయకుని నిర్మాణమే కానవచ్చును. 'ఇంద్ర'లో నాయకుడు కాశిలో టాక్సీ నడుపుట యాదృచ్ఛిక మనజాలము.

'అపరిచితుడు' దాటుటకు వేరొక సేతువు కలదు. అందలి దండనలు గరుడపురాణము నుండి గ్రహింపబడినవి. కుంభీపాకము, అంధకూపము, క్రిమిభోజనము అను పేరులు రెండు భాషలకును సమానమైన సంస్కృత సంపద. వీనిని అనువదింపనక్కరలేదు, ఉచ్చరించిన చాలును. కాని ఇచ్చటనే విమర్శకుడు ఆగి ప్రశ్నింపవలెను. రోడ్డుపై గాయపడినవానికి సాయపడని నిర్లక్ష్యమునకు నరకశిక్ష విధించు నాయకుని చూచి కరతాళములు మ్రోగినవి. కోపము న్యాయమైనదే, శిక్ష న్యాయమైనదా? పురాణమున శిక్షించువాడు యముడు. చిత్రమున శిక్షించువాడు మనయందొకడు. సంస్కృత పదముల గాంభీర్యము ఈ తేడాను కప్పివేసినది. అట్లే 'నరసింహ'లో నీలాంబరి పాత్రను రమ్యకృష్ణ మహోజ్జ్వలముగ పోషించినను, స్త్రీ పట్టుదలను అహంకారముగ జమకట్టి నాయకునిచేత నీతిపాఠము చెప్పించుట కథలోని లోపము. ప్రేక్షకులు నేటికిని నీలాంబరిని తలంచుచుండుట, కథకుని తీర్పును వారు పూర్తిగ అంగీకరింపలేదనుటకు సూచన కావచ్చును.

హాస్యము చిక్కుపడుటకు కారణము

వికృతమైన ఆకారము, వేషము, వాక్కు, చేష్ట హాస్యమునకు విభావములని ఆలంకారికులు చెప్పిరి. వీనిలో ఆకార వేష చేష్టలు దృశ్యములు, వాక్కు శ్రావ్యము. అనువాద చిత్రమున మొదటి మూడును యథాతథముగ వచ్చును. నాలుగవది మాత్రము మారును. తమిళ హాస్యము తెలుగున ఎచ్చట నిలిచినదో, ఎచ్చట కూలినదో ఈ విభజనమే తేల్చును.

'జెంటిల్మన్' (1993) నందు గౌండమణి, సెంథిల్ జంట కలదు. గౌండమణి హాస్యమునకు ప్రాణము కోయంబత్తూరు ప్రాంతపు యాస, ఎత్తిపొడుపు, ఎదుటివానికి క్షణములో తగిలించు వింత పేరు. తెలుగున ఆ యాసకు స్థానము దొరకక తిట్టు మాత్రము మిగిలినది. నవ్వు తిట్టులో గాక తిట్టు పలికిన మట్టిలో నున్నదని అపుడు తెలియును. 'తెనాలి' (2000) నందు కమలహాసన్ పలికిన శ్రీలంక తమిళమునకు తెలుగున సమానమేది? సముద్రమునకు ఆవల, యుద్ధభూమిలో పలుకు తెలుగు మనకు లేదు. కనుక ప్రతి వస్తువునకును భయపడు అతని చేష్టలు మనలను నవ్వించినవి గాని, ఆ భయమునకు వెనుక నున్న దేశము మాటనుండి జారిపోయినది. మన తెనాలి రామకృష్ణుని తెనాలిరామన్‌గ స్వీకరించి, ఆ ఊరి పేరు తగిలించుకొన్న పాత్ర తిరిగి కృష్ణాతీరమునకు వచ్చునప్పటికి సగము మూగదైనది.

వడివేలు హాస్యము ఇందుకు భిన్నము. అతనిది మదురై పలుకే యైనను నవ్వులో అధికభాగము శరీరమునదే. 'చంద్రముఖి' (2005) నందు భవనములో వణకుచు నడచు ఆ మనిషిని తిరువూరు ప్రేక్షకుడు తమిళుని గాను, తెలుగువాని గాను చూడలేదు. తనవలె భయపడు మనిషిగ చూచినాడు. ఇటీవల నెల్సన్ దర్శకత్వమున వచ్చిన 'డాక్టర్' (2021), 'జైలర్' (2023) చిత్రములు మరియొక మార్గము తొక్కినవి. నాయకుడు నిర్వికారముగ నుండ చుట్టునున్నవారు కలతపడుటలో నవ్వు పుట్టును. మౌనమునకు యాస లేదు కావున అది చక్కగ దాటినది.

చంద్రముఖి పరభాష

ఈ విషయమున 'చంద్రముఖి' వేరుగ పరిశీలింపదగినది. మూలమైన మలయాళ 'మణిచిత్రతాళు' (1993) నందు నాయికను ఆవహించిన నర్తకి తంజావూరు తమిళ స్త్రీ. కన్నడ 'ఆప్తమిత్ర' (2004) నందును, తమిళ 'చంద్రముఖి' యందును ఆమె తెలుగు స్త్రీ. తమిళ ప్రేక్షకులు 'రా రా' అను తెలుగు పాటను విని విభ్రాంతులైరి. అదే చిత్రము తెలుగునకు వచ్చినపుడు ఆమె తెలుగు పలికినచో భీతి కలుగునా? తెలుగు ఇంట తెలుగు పలుకుటలో వింత యేమున్నది? కనుక తెలుగు రూపమున ఆమె నోట 'వారాయ్' అను తమిళపు పిలుపు వెలువడినది.

రెండు పిలుపులకును అర్థమొక్కటే: రమ్మనుట. ఇచ్చట అనువాదకుడు అర్థమును వదలి ప్రయోజనమును పట్టుకొనినాడు. మూలమున పరభాష యెట్టి పని చేసినదో లక్ష్యభాషయందును పరభాషయే ఆ పని చేయవలె నని గ్రహించుట సామాన్యమైన తెలివి గాదు. ఇందు మరియొక సత్యమును దాగియున్నది. కేరళమునకు తమిళము, తమిళమునకు తెలుగు, తెలుగునకు తమిళము. ప్రతి ఇల్లును తన భయమునకు పొరుగింటి పలుకును ఎరువు తెచ్చుకొనినది. పూర్తిగ తెలియని భాష వట్టి ధ్వని. బాగుగ తెలిసిన భాష వట్టి మాట. సగము తెలిసినది మాత్రమే గుండెను తాకును.

నేటి స్థితి

ఇంతటి నైపుణ్యము నేడు సన్నగిల్లుచున్నది. 'వలిమై' (2022), 'తంగలాన్' (2024), 'వేట్టయన్' (2024) మొదలగునవి తమిళ నామములతోనే తెలుగునాట విడుదలయైనవి. ఒకేమారు పలు భాషలలో విడుదల చేయు వ్యాపారమునకు ఒకే పేరు సౌకర్యము కావచ్చును. కాని 'వలిమై'కి తోబుట్టువగు 'బలిమి' మన నిఘంటువులలో నున్నది. 'వేట్టయన్'కు 'వేటగాడు' మన నాలుకపై నున్నది. 'పడయప్ప'ను నరసింహునిగ మార్చిన శ్రద్ధకును, తమిళ పదమును తెలుగు లిపిలో పోసిన అలసత్వమునకును నడుమ నున్న దూరము ఇరువదియైదు సంవత్సరములు మాత్రమే. తమిళ పదము వచ్చిన తెలుగు చెడునని నా వాదము గాదు. 'చంద్రముఖి'లో తమిళ పదము సార్థకముగ వచ్చినది. అర్థము చేయని పదము పేరుగ నిలుచుటయే ఆక్షేపణీయము. తిరువూరు ప్రేక్షకుడు గోడపై దానిని చదువును గాని, అది అతనితో ఏమియు చెప్పదు.

పరిశోధక విద్యార్థులకు ఇచ్చట చేయదగిన పని విస్తారముగ నున్నది. ఒక చిత్రము యొక్క రెండు రూపములను ప్రక్కప్రక్కన నుంచి, సంభాషణలను వ్రాసికొని, మారిన పేరులు, బంధువాచకములు, తిట్లు, సామెతలు, యాసలు వేర్వేరుగ పట్టిక వేసినచో అనువాద శాస్త్రమునకు మన భాషనుండియే లక్షణములు లభించును. సంభాషణ రచయితల వ్రాతప్రతులు ఇంకను ఎచ్చటనైన మిగిలియున్నచో వానిని సేకరించుట తాళపత్రములను సేకరించుటవలెనే ఆచార్యుల విధి. సాహసమును మన పురాణములే దాటించినవి; హాస్యమును దాటించుటకు మాత్రము రచయిత కావలెను. అతని పని యెట్టిదో తెలిసికొననిచో, అతడు లేనినాడు పోయినదేదో మనకు తెలియదు.