అన్యాయశబ్దార్థవిచారము

'అన్యాయము' అనఁగా న్యాయము కానిదని పాఠశాలలలోఁ జెప్పుదురు. లోకవ్యవహార మింతకంటె విస్తృతము. చేను వడగండ్లపాలైనపుడు రైతు "అన్యాయమైపోతిని" అనును. భర్తను గోల్పోయిన యిల్లాలు "నన్నన్యాయము చేసి పోతివా" యని శోకించును. వడగండ్లు న్యాయము తప్పినవా? మృతుఁ డపరాధియా? కాఁబట్టి యివి యసాధుప్రయోగములని, విద్యార్థుల వ్రాఁతలలో 'నాశనము' అని దిద్దవలెనని కొందఱు తలంతురు. ఈ దిద్దుబాటు విచారణీయము.

న్యాయశబ్దము నిపూర్వకమగు ఇణ్ధాతువుపై ఘఞ్ప్రత్యయము చేరఁగా నేర్పడినది. సంజ్ఞయందు వేఱుసూత్రము (3-3-122) కలదు గాని, పాణిని 3-3-37 సూత్రమున దీనిని అభ్రేషార్థమున సాధించెను. అభ్రేషమనఁగా జాఱకుండుట, ఏది యెట్లు జరుగవలెనో యట్లు జరుగుట. ఇందు ధర్మాధికారి లేఁడు, దండనయు లేదు. న్యాయ్యశబ్దమును సాధించు 4-4-92 సూత్రమున న్యాయముతోపాటు పథిన్ శబ్దమును గలదు. పథ్యము దారినుండి తొలఁగనిది. న్యాయ్యము తీరునుండి తొలఁగనిది.

కనుక అన్యాయమనఁగా మొదట తీరుతప్పుట. ఒకఁడు మఱియొకనికిఁ జేయు నపకారము దానిలో నొక భేదము మాత్రమే. పండిన పైరు గాదె చేరుట తీరు, చేరకుండుట యన్యాయము. 'అన్యాయమగు' నన్నచోఁ జేసినవాఁడు కనఁబడఁడు. 'అన్యాయము చేయు' నన్నచోఁ గనఁబడును. నిరక్షరులు సహిత మీ భేదమును దప్పరు. శోకించు నిల్లాలు మృతునే కర్తగా నిలుపును: తోడుండుట యాతని తీరు, దానిని దప్పెనని యామె నిష్ఠురము. ఇట్టిచోట్ల 'అధర్మమైపోతిని' అని యెవ్వరు ననరు.

వికృతియగు 'అన్నెము' మఱియొక సాక్ష్యము. 'అన్నెము పున్నె మెఱుఁగని బిడ్డ' యన్నపు డది పుణ్యమునకుఁ బ్రతియోగియై పాపార్థమును బొందినది. ఒకే శబ్దము తత్సమమై యొకదారిని, తద్భవమై వేఱొకదారిని నడచినది. రెండింటను దీరుతప్పుట యను మూలార్థము నిలిచియేయున్నది.

రైతు పాణినీయము చదివి మాటాడలేదు గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. ఈ యర్థవిస్తారము లోకముననే కలిగినది కావచ్చును. వ్యుత్పత్తి దానికి విరోధి కాదనుటయే యిచ్చట సిద్ధాంతము. వ్యుత్పత్తిపేర దానిని ద్రోయుట తగదు.

'నాశనము' జరిగినదానినే చెప్పును. 'అన్యాయము' అది జరుగరాదనియుఁ జెప్పును. దిద్దినచో నా రెండవమాట తుడిచిపోవును. చేను పోయిన రైతునకు మిగిలినది యా మాటయే. బాలుని వ్రాఁతలో నీ ప్రయోగము కనఁబడినచో నెఱ్ఱసిరా యక్కఱలేదు.